మీట మార్చిన పిమ్మట మేల్కొనని యంత్రము

ఇంటిలోని కంప్యూటరు నిన్నటివరకు చక్కగా పనిచేసినది. కళాశాలలో చదువుచున్న కుమారుడో కుమార్తెయో పాఠము కొరకు అందులోని ఒక అమరికను మార్చిరి. మరల విద్యుత్తు ఇచ్చునప్పటికి తెర మీద తయారీదారుని ముద్ర మెరసి, ఆపై చీకటి తప్ప మరేమియు కనరాదు. బాగుచేయువాని వద్దకు తీసికొనిపోయినచో "ఫార్మాట్ కొట్టవలసినదే" అను మాట తరచుగా వినబడును. ఫార్మాటు అనగా యంత్రములో నున్న సమస్తమును తుడిచివేసి క్రొత్తగా ఆరంభించుట. పెండ్లి ఫోటోలు, చదువు ధ్రువపత్రముల నకళ్లు, పట్టాదారు పాసుపుస్తకముల ప్రతులు, ఏడాది పొడవున వ్రాసిన ప్రాజెక్టు, అన్నియు దానితో పోవును. ఈ ప్రసంగమున మేము చెప్పదలచిన దొక్కటే. ఇట్టి సందర్భములలో సాధారణముగా డిస్కులోని సరకు చెక్కుచెదరక యుండును. మారినది ఒక అమరిక. అది ఏదో కనిపెట్టి వెనుకకు త్రిప్పగలిగినచో తుడుపుతో పని లేదు.

వీర్నపల్లి వంటి ఊళ్లకు ఈ సంగతి మరింత ముఖ్యము. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు వీర్నపల్లి ప్రత్యేక మండలమైనది. గుట్టలు, అడవి, తండాలు గల ఈ ప్రాంతమున కంప్యూటరు చెడినచో దానిని సంచిలో పెట్టుకొని సిరిసిల్ల బస్సెక్కవలసినదే. మరొకవైపు, ఇచ్చటి పిల్లలకు ఇంజనీరింగు చదువు ఇంటికి చేరువైనది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము వారి కళాశాల జగిత్యాల సమీపమున నాచుపల్లిలో 2007లోను, సిరిసిల్లలో 2021లోను వెలసినది. కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థికి ఒక యంత్రములోపల మరొక యంత్రమును నడిపి చూడవలసిన అవసరము కలుగుట సామాన్యము. సెల్‌ఫోనులో నడచు కార్యక్రమమును వ్రాయువాడు ఫోనులేకుండ, కంప్యూటరులోనే ఒక మాయఫోనును నిలిపి దానిని పరీక్షించును. దీనికే హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ అను అమరిక కావలెను. కొన్ని యంత్రములు కర్మాగారము నుండి వచ్చునప్పుడు అది ఆపివేయబడి యుండును.

లినక్స్ అనునది కంప్యూటరును నడిపించు నిర్వాహక వ్యవస్థ. ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి నాంది పలికెను. దీనిని వెల లేకుండ పొందవచ్చును, పంచవచ్చును, మార్చుకొనవచ్చును. అందుచేతనే విద్యార్థులకు ఇది మక్కువ. తెలుగులో దీనిని అందించుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వారు కృషి చేసిరి.

ఇక వర్చువలైజేషన్ అన నేమో చూతము. సిరిసిల్ల పాఠకులకు సాంచెల షెడ్డు కన్న చక్కని ఉపమానము దొరకదు. ఒక ఆసామి షెడ్డులో కొన్ని సాంచెలున్నవి. ఇద్దరు సేట్లు అతనికి నూలు ఇచ్చిరి. ఒకరికి తెల్లగుడ్డ కావలెను, మరొకరికి చీరలు కావలెను. ఆసామి సాంచెలను, పనివాండ్రను, వేళలను పంచి యిద్దరి పనియు సాగించును. ఏ సేటుకు ఆ సేటు షెడ్డంతయు తనదే యన్నట్లు తన గుడ్డ తాను పొందును. ఒకే కంప్యూటరు మీద రెండు మూడు నిర్వాహక వ్యవస్థలు, ఒకదాని సంగతి మరొకదానికి పట్టకుండ నడచుట యిట్టిదే. ఆసామి స్థానమున నుండు కార్యక్రమమును హైపర్‌వైజర్ అందురు.

ఈ భావన క్రొత్తది కాదు. 1960ల నడుమ అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం సంస్థ వారి బృందము పెద్ద యంత్రములపై దీనిని సాధించెను. 1972లో ఆ సంస్థ వీఎం/370 అను పేరుతో దీనిని విడుదల చేసెను. అయితే మన యిండ్లలోని చిన్న యంత్రముల ప్రాసెసరు దీనికి తగినట్లు నిర్మింపబడలేదు. ఆసామి ప్రతి దారమును తానే పట్టి చూడవలసినంత శ్రమ యుండెను. ఈ శ్రమను తగ్గించుటకు ఇంటెల్ సంస్థ 2005లోను, ఏఎండీ సంస్థ 2006లోను ప్రాసెసరులోనే ఒక ప్రత్యేక సదుపాయమును చేర్చిరి. 2007 ఫిబ్రవరిలో వెలువడిన లినక్స్ కెర్నెల్ 2.6.20లో కేవీఎం అను భాగము చేరి, ఆ సదుపాయమును లినక్స్ స్వయముగా వాడుకొనుట మొదలిడినది.

చిక్కు ఎచ్చట పుట్టుచున్నదో తెలియవలెనన్న, ఫర్మ్‌వేర్ అమరికలలో ఒకే తీరుగ కనిపించు రెండు మీటలను వేరుచేసి చూడవలెను. మొదటిది ఇంటెల్ యంత్రములలో విటి-ఎక్స్ అనియు, ఏఎండీ యంత్రములలో ఎస్‌వీఎం అనియు ఉండును. పైన చెప్పిన సదుపాయము ఇదే. రెండవది ఇంటెల్‌లో విటి-డి, ఏఎండీలో ఐఓఎంఎంయు. ఇవి తరచు ఒకే పుటలో పక్కపక్కన నుండును. విద్యార్థి "రెండును మంచివే కాబోలు" నని రెండింటిని తెరచును. మొదటి మీట ఒక్కటే తెరచినందువలన లినక్స్ లేవకపోవుట అరుదు. రెండవ మీట సంగతి వేరు.

మరల షెడ్డునకే పోదము. షెడ్డు వెనుక నూలు గోదాము ఉన్నది. మునుపు హమాలీలు ఎవరినీ అడుగక లోనికి పోయి బేళ్లు దించుచు ఎత్తుచు నుండిరి. కంప్యూటరులో గోదాము అనగా జ్ఞాపకశాల. హమాలీలు అనగా డిస్కు, వైఫై, తెరబొమ్మల చిప్పు మొదలగు పరికరములు. ఇవి ప్రాసెసరును ప్రతి పర్యాయము అడుగక జ్ఞాపకశాలలో నేరుగా వ్రాయుట పరిపాటి. రెండవ మీటను తెరచుట యనగా గోదాము వాకిట ఒక గుమాస్తాను కూర్చుండబెట్టుట. ఏ హమాలీ ఏ అరకు పోవచ్చునో అతడు చిట్టా చూచి పంపును. ఇది భద్రతకు మేలైన ఏర్పాటే. కాని ఆ చిట్టాలో కొంత భాగమును వ్రాసి యిచ్చునది యంత్రపు ఫర్మ్‌వేర్. తయారీదారుడు అందులో తప్పు వ్రాసినచో, న్యాయముగా రావలసిన హమాలీని గుమాస్తా వాకిటనే నిలిపివేయును. డిస్కు హమాలీ నిలిచినచో లినక్స్ ముందుకు సాగదు. తెర హమాలీ నిలిచినచో లోపల అంతయు నడచుచున్నను మనకు చీకటియే కనిపించును.

మూడవ కారణమొకటి కలదు. ఇది మీటకు సంబంధము లేనిది, తరచుగా ఎదురగునది. అమరికల పుటనుండి భద్రపరచి బయటికి వచ్చుటకు అనేక ల్యాప్‌టాపులలో ఎఫ్ 10 మీటను నొక్కవలెను. దాని పక్కనే ఉన్న ఎఫ్ 9 అన్ని అమరికలను కర్మాగారపు స్థితికి త్రిప్పును. వ్రేలు జారినచో, మార్చదలచినది ఒక్కటి, మారినవి పది. డిస్కు పలుకు పద్ధతి ఏహెచ్‌సీఐ నుండి రెయిడ్‌కు, లేదా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీకి మారును. ఏ డిస్కు ముందు అను క్రమము తారుమారగును. సెక్యూర్ బూట్ అను కావలి తిరిగి కూర్చుండును. పాత యంత్రములలో నాణెము వంటి చిన్న బ్యాటరీ నిర్జీవమైనను ఇదే జరుగును. సీఆర్ 2032 అను గుర్తుగల ఆ బ్యాటరీ ఎండిపోయినచో, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి అమరికలు మరచిపోబడును, గడియారము వెనుకబడును. గడియారము తప్పు చూపుట ఈ వ్యాధికి మంచి లక్షణము.

ఇప్పుడు చికిత్సకు వత్తము. వైద్యుడు మందు వ్రాయుటకు ముందు నాడి చూచినట్లు, యంత్రము ఏ మెట్టుపై ఆగినదో ముందుగా చూడవలెను. మెట్లు నాలుగు. మొదట ఫర్మ్‌వేర్ లేచును. అది గ్రబ్ అను ద్వారపాలకుని పిలుచును. గ్రబ్ కెర్నెల్‌ను జ్ఞాపకశాలకు ఎక్కించును. కెర్నెల్ డిస్కును కనుగొని తక్కిన సేవలను లేపును.

మొదటి మెట్టుననే ఆగి, "బూట్ చేయదగిన పరికరము లేదు" అను అర్థము గల ఆంగ్లవాక్యము కనిపించినచో, లేదా యంత్రము తిరిగి తిరిగి అమరికల పుటకే వచ్చుచున్నచో, దోషము డిస్కుల క్రమములోనో, యూఈఎఫ్ఐ మరియు లెగసీ అను రెండు పద్ధతుల మార్పులోనో ఉండును. ఒక పద్ధతిలో స్థాపించిన లినక్స్ రెండవ పద్ధతిలో లేవదు. స్థాపించిన నాటి పద్ధతికి త్రిప్పినచో చాలును. సెక్యూర్ బూట్ విషయమున ఉబుంటు, ఫెడోరా వంటివి సంతకము గలవి కనుక దానితోడనే లేవగలవు. సంతకము లేని వితరణలు, విడిగా చేర్చిన తెర డ్రైవర్లు మాత్రము అడ్డగింపబడును.

గ్రబ్ పట్టిక కనిపించి, ఆపై "ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అను పదముతో ఒక చిన్న ఆజ్ఞాస్థానము మాత్రమే మిగిలి, దాని పైన ఒక పొడవైన అంకెల గుర్తు గల డిస్కు లేదని వ్రాసి యున్నచో, కెర్నెల్‌కు డిస్కు కనిపించుట లేదు. డిస్కు చెడెనని బెదరిపోరాదు. అమరికలలో రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీ అని ఉన్నచో, పూర్వపు ఏహెచ్‌సీఐకి మార్చి చూడవలెను. అదే యంత్రములో విండోస్ కూడ ఉన్నచో, అది ఏ పద్ధతిలో స్థాపింపబడినదో ఆ పద్ధతిని అకస్మాత్తుగా మార్చినచో విండోస్ లేవకపోవచ్చును. కావున క్రొత్త పద్ధతిని వెదుకక, మునుపటి పద్ధతికే పోవలెను.

గ్రబ్ దాటిన పిమ్మట అక్షరములు పరుగెత్తి ఒకచోట నిలిచిపోయినచో, లేదా తెర నల్లబడినచో, గుమాస్తాను అనుమానింపవలెను. లినక్స్ తన ముచ్చట్లను మామూలుగా తెరవెనుక దాచును. వాటిని చూచుటకు గ్రబ్ పట్టిక యొద్ద ఆంగ్లపు ‘ఇ’ అక్షరమును నొక్కవలెను. పట్టికయే కనిపించనిచో, యంత్రము లేచునప్పుడు ఎస్కేప్ మీటను, పాత యంత్రములలో షిఫ్టు మీటను నొక్కవలెను. అచ్చట ‘లినక్స్’ అను పదముతో ఆరంభమగు పొడవైన పంక్తి కనిపించును. దాని చివర నున్న ‘క్వయట్’, ‘స్ప్లాష్’ అను రెండు పదములను తొలగించి, కంట్రోల్ మీటతో ఎక్స్ అక్షరమును నొక్కినచో యంత్రము తన ప్రతి అడుగును వ్రాయుచు లేచును. ఆగిన చోట ఇంటెల్ యంత్రములో డి, ఎం, ఏ, ఆర్ అను నాలుగక్షరములు, ఏఎండీ యంత్రములో ‘ఏఎండీ-విఐ’ అను గుర్తు, వానితో ‘ఫాల్ట్’ అను పదము పదేపదే కనిపించినచో, హమాలీని గుమాస్తా ఆపినట్లే భావింపవచ్చును.

అప్పుడు అదే పంక్తి చివర, ఒక ఖాళీ విడిచి, ఇంటెల్ యంత్రమునకు ఇట్లు చేర్చవలెను: ‘ఇంటెల్’ అను ఆంగ్లపదము, క్రింది గీత, ‘ఐఓఎంఎంయు’ అను అక్షరములు, సమాన చిహ్నము, ‘ఆఫ్’ అను పదము. అన్నియు చిన్న అక్షరములు, నడుమ ఖాళీ ఉండరాదు. ఏఎండీ యంత్రమునకు ‘ఇంటెల్’ బదులు ‘ఏఎండీ’ అని వ్రాయవలెను. తెర ఒక్కటే నల్లబడు ఇంటెల్ యంత్రములలో ‘ఆఫ్’ బదులు ‘ఐజీఎఫ్ఎక్స్’, క్రింది గీత, ‘ఆఫ్’ అని వ్రాసినచో, తెరచిప్పును మాత్రము గుమాస్తా విడిచిపెట్టి తక్కిన వారిని కనిపెట్టుచుండును. ఇట్లు చేసిన మార్పు ఆ ఒక్క పర్యాయమునకే చెల్లును. మరల ఆపి లేపినచో యథాపూర్వము. కనుక దీనిని పరీక్షించుటకు జంకవలసిన పని లేదు.

ఫలితము కలిగినచో దానిని స్థిరపరచవచ్చును. ‘ఈటీసీ’ ఫోల్డరులోని ‘డిఫాల్ట్’ ఫోల్డరులో ‘గ్రబ్’ అను ఫైలు ఉండును. అందులో కెర్నెల్ మాటలు వ్రాసిన పంక్తిలో దీనిని చేర్చి, ఉబుంటు, డెబియన్ వంటివానిలో ‘అప్‌డేట్-గ్రబ్’ అను ఆజ్ఞను యజమాని అధికారముతో నడుపవలెను. క్రిందటి పర్యాయము ఏమి జరిగెనో చదువదలచినచో ‘జర్నల్‌సీటీఎల్’ అను ఆజ్ఞ వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీతతో బి, మరల ఖాళీ విడిచి అడ్డగీతతో 1 వ్రాయవలెను. యంత్రము పడిపోవుటకు ముందు పలికిన మాటలు అందులో దొరకును. డిస్కు అందకముందే ఆగియుండినచో మాత్రము అందులో ఏమియు వ్రాయబడియుండదు.

ఈ పనులన్నిటికన్న ముందు చేయవలసిన సులభమైన పని యొకటి ఉన్నది. తెరచిన మీటలను రెండింటిని మరల మూసి చూడవలెను. యంత్రము లేచినచో దోషము ఆ రెండింటిలోనే ఉన్నట్లు తేలినది. ఆ పిమ్మట మొదటి మీటను మాత్రము తెరచి, యంత్రమును పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి, కొంతసేపు ఆగి మరల లేపవలెను. కొన్ని యంత్రములలో వట్టి రీస్టార్టుతో ఈ మార్పు ప్రాసెసరుకు అందదు. అందినదో లేదో తెలిసికొనుటకు ఎల్, ఎస్, సి, పి, యు అను అయిదక్షరముల ఆజ్ఞను వ్రాసినచో వచ్చు జాబితాలో ‘వర్చువలైజేషన్’ అను పంక్తిని చూడవలెను. ప్రాసెసరులో సదుపాయముండియు కెర్నెల్ ముచ్చట్లలో "బయోస్ ఆపివేసినది" అను అర్థము గల కేవీఎం వాక్యమున్నచో మీట ఇంకను మూయబడియున్నట్లే. మాయఫోనుకును, పాఠమునకు కావలసిన రెండవ నిర్వాహక వ్యవస్థకును ఈ మొదటి మీటయే చాలును. ఒక పరికరమును పూర్తిగా లోపలి యంత్రమునకు అప్పగింపదలచిన వారికి రెండవది అవసరము. అట్టి అవసరము లేని యింట, చిట్టా తప్పుగా నున్న యంత్రమున, దానిని మూసియుంచుటయే తాత్కాలిక పరిష్కారము. అసలు పరిష్కారము తయారీదారుడు సవరించి యిచ్చు క్రొత్త ఫర్మ్‌వేర్. దానిని ఎక్కించునప్పుడు నడుమ కరెంటు పోయినచో యంత్రమే పనికిరాకుండ పోవచ్చును. కావున కరెంటు కోతలు గల వేళ, బ్యాటరీ నిండని వేళ ఆ పనికి పూనుకొనరాదు.

బల్లమీది పెద్ద కంప్యూటరులో అమరికల పుటయే తెరచుకొననంతగా చిక్కు పడినచో, ప్లగ్గు తీసి, నాణెపు బ్యాటరీని కొన్ని నిముషములు తీసియుంచి మరల పెట్టవచ్చును. అయితే దీనితో అన్ని అమరికలు కర్మాగారపు స్థితికి పోవును గనుక, పిమ్మట డిస్కు పద్ధతిని, క్రమమును సరిచూచుకొనక తప్పదు.

ఇవి యేవియు ఫలించనప్పుడు సయితము ఫార్మాటు మొదటి మందు కాదు. మరొక కంప్యూటరు సాయముతో ఒక పెన్‌డ్రైవులో లినక్సును ఎక్కించి, దానినుండి యంత్రమును లేపవచ్చును. అట్లు లేపినప్పుడు "స్థాపించు" అను మార్గమును విడిచి "స్థాపింపక పరీక్షించు" అను మార్గమును ఎన్నుకొనవలెను. డిస్కులోని ఫైళ్లు అచ్చట కనిపించును. వాటిని మరొక డిస్కునకు నకలు తీసికొనిన పిమ్మట యంత్రమును ఎవరి చేతికైనను నిశ్చింతగా ఇయ్యవచ్చును. డిస్కునకు రహస్యసంకేతపు తాళము వేసియున్నచో ఆ సంకేతము కావలెను. విండోస్ కూడ గల యంత్రములలో బిట్‌లాకర్ అను తాళముండవచ్చును. ఫర్మ్‌వేర్ అమరికలు మారినప్పుడు అది యజమానిని 48 అంకెల తాళపుసంఖ్య అడుగవచ్చును. ఆ సంఖ్య లేనిచో ఆ ఫైళ్లు తెరచుకొనవు. దానిని అమరికలు ముట్టకముందే కాగితముమీద వ్రాసి, ఇంటి దస్తావేజులతో పెట్టెలో భద్రపరచుకొనుట మేలు.

ఇంటివారు గుర్తుంచుకొనవలసినవి ఇక నాలుగు మాటలు. అమరికల పుటను తెరచినంతనే, ఏదియు మార్చకముందు, సెల్‌ఫోనుతో ప్రతి పుటకు ఒక ఫోటో తీయవలెను. ఒక పర్యాయమునకు ఒక్క అమరికనే మార్చి, యంత్రము లేచుట చూచి, ఆపై రెండవదానిని తాకవలెను. మార్చిన దేదో, ఎప్పుడో ఒక చీటీపై వ్రాసి యంత్రమునకు అంటించవలెను. ముఖ్యమైన ఫైళ్ల నకలు ఎల్లప్పుడు యంత్రమునకు వెలుపల ఒకచోట ఉండవలెను. పిల్లలను అమరికలు ముట్టవద్దని వారించుట మా అభిమతము కాదు. వారు నేర్చుకొనుచున్న విద్య అదియే. మరమ్మతు దుకాణమునకు పోవలసివచ్చినను ఆ చీటీని, ఆ ఫోటోలను వెంట తీసికొనిపోయి, "ఈ మీట మార్చిన పిమ్మట ఇట్లయినది, డిస్కును తుడువవద్దు" అని ముందుగా చెప్పుడు. ఆ ఒక్క మాట తెలిసిన యింట, యంత్రము ఒక పూట ఆగినను, ఏండ్ల తరబడి కూడబెట్టినది పోదు.